ముహూర్తానికి తీసిన కాపీ

నా సంతకం మీద ఒక మనిషి పన్నెండు రోజులుగా చిత్తూరు జైల్లో ఉన్నాడు. పేరు గోపీ. నగరిలో తిరుమలయ్య గారి చీరల డిజైన్ల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. డిజైన్లు దొంగిలించింది అతనేనని రిపోర్టు రాసిన డిటెక్టివ్‌ని నేను, తులసీరాంని. ఆ రిపోర్టు తప్పేమోనన్న అనుమానం నాకు మొదటిసారి సోమవారం పొద్దున పదీ ఇరవైకి ఆ కంపెనీ గేటు ముందు కలిగింది. అదైనా నా అంతట నాకు కలగలేదు. నా దగ్గర పని నేర్చుకున్న మనిషి ముఖాన కాగితం పెట్టి కలిగించింది.

ఆ మనిషి రూపశ్రీ. తిరుపతిలో నా ఏజెన్సీలో మూడేళ్లు పనిచేసి, నా నోటి దురుసు భరించలేక బయటికి పోయి, చిత్తూరులో సొంతంగా బోర్డు పెట్టుకుంది. గోపీ తరఫు లాయరు ఇప్పుడు ఆమెను పెట్టుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి పుత్తూరు కోర్టులో గోపీ బెయిలు విచారణ. నా రిపోర్టు మాట మీద నిలబడి ఉన్నానని చెప్పడానికి నేను పోవాలి. ముందు తిరుమలయ్యను కారెక్కించుకుందామని పుత్తూరు దాటి నగరికి వచ్చాను.

“బాగుండారా సార్?” అంది రూపశ్రీ.

“బాగానే ఉండాను. నువ్వేంది ఈడ?”

“కోర్టు నుంచి పర్మిషన్ తెచ్చినా. పన్నెండున్నర దాకా సర్వర్ గది చూసుకోవచ్చు. మీరూ రాండి, వద్దనను. ముందు ఇది చూడండి.”

నా రిపోర్టులో మూడో పేజీ. ఎర్ర సిరాతో ఒక వాక్యం కింద గీత.

“బుధవారం పొద్దున ఆరూ పదికి, ఎవరూ లేని వేళ చూసి, గోపీ డిజైన్ మెషీన్ కాపీ తీసినాడని రాసినారు,” అంది.

“రాసినా. సర్వర్ డైరీలో అట్లే ఉండాది.”

“మొదలైన టైము రాసినారు. అయిపోయిన టైము రాయలేదే?”

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అయిపోయిన టైము నేనసలు చూడలేదు. నాకు ఇచ్చిన సారాంశంలో ఆ అంకె లేదు.

“ఆరూ పదకొండుకు అయిపోయింది. ఒక్క నిమిషం సార్. ఆ మెషీన్ సైజు మూడొందల ఎనభై జీబీ. ఒక్క నిమిషంలో ఎట్లా తీస్తారు? సైజు చూడకుండా టైము నమ్మొద్దని నాకు నేర్పించింది మీరే కదా?”

చెంప మీద కొట్టినా అంత మంట పుట్టదు. కోపం వచ్చింది నాకు, అదీ ఆమె మీదే. ఎవరైనా నా తప్పు పట్టుకుంటే ముందు పట్టుకున్నవాళ్ల మీద కోపం రావడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

“సర్వర్ పాతది. డైరీలో టైములు అటూ ఇటూ అయ్యుంటాయి,” అన్నాను.

“మొదలైన టైము మాత్రం సరిగ్గా ఉండి, అయిపోయింది మాత్రం తప్పా? ఆ మాట కోర్టులో చెప్తారా?”

అప్పుడు చూశాను, ఆమె కారు పక్కన రాయి మీద కూర్చున్న ముసలామెను. పెంచలమ్మ, గోపీ తల్లి. మగ్గాల షెడ్డులో నూలు చుట్టే పని ఆమెది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో ఇస్త్రీ చేసిన చొక్కా. బయటికొచ్చే కొడుక్కి తొడగడానికి తెచ్చుకున్నట్టుంది. నన్ను తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆమె తల పక్కకు తిప్పుకుని నేను పోవడానికి దారి ఇచ్చింది.

*

కేసు సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తిరుమలయ్య కంపెనీలో ఒక పెద్ద కంప్యూటర్ ఉంది, అదే సర్వర్. దాని లోపల విడివిడిగా నాలుగు కంప్యూటర్లు ఉన్నట్టు ఏర్పాటు చేశారు. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. ఒకే ఇంట్లో నాలుగు వాటాల్లాంటివి, ఎవరి తలుపు వాళ్లది, ఎవరి పొయ్యి వాళ్లది. వాటిలో ఒక మెషీన్ పేరు ‘డిజైన్’. తిరుమలయ్య ముప్పై ఏళ్లుగా గీసిన అంచులూ పైటకొంగులూ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పాత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లలో నడవదు కాబట్టి మెషీన్ మొత్తాన్ని అలాగే దాచుకున్నారు.

కార్వేటినగరం వైపు మగ్గాలవాళ్ల ఇళ్లకు పోయి, మగ్గం పక్కనే కూర్చుని డిజైన్ చూపించి అక్కడికక్కడే మార్చాలని తిరుమలయ్యకు కోరిక. అందుకని కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. సర్వర్‌లోని మెషీన్లను అందులోకి మార్చే పని గోపీది. శ్రావణమాసంలో ఒక ఆదివారం, మగ్గాలు ఆగి ఉన్నప్పుడు, అందరి ఎదుటా మార్చాడు. మూడు వారాలు తిరక్కుండానే, ఇంకా ఒక్క చీర మీద కూడా నేయని దీపావళి డిజైన్లు తిరుత్తణి బజారులో వేరేవాళ్ల చీరల మీద కనిపించాయి.

ఎవరో ఆ డిజైన్ మెషీన్‌ని మొత్తంగా కాపీ తీసుకుని పోయారు. తనలో జరిగే ప్రతి పనినీ సర్వర్ టైముతో సహా తానే రాసుకుంటుంది, ఆ డైరీలో ఆదివారానికి ముందు కాపీ ఒక్కటే ఉంది. బుధవారం, ఆరూ పది, గోపీ. నేను సంతకం పెట్టాను.

*

తిరుమలయ్య ఇల్లు ఆఫీసు వెనకే. వరండాలో ఆయన, భార్య శకుంతలమ్మ కూర్చుని ఉన్నారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, కోర్టుకు పోవాలని తెల్ల పంచె కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నా వెనక రూపశ్రీ రావడం చూసి ఆయన ముఖం ముడుచుకుంది.

“పెద్దాయనా, ఒక మాట అడగల్ల,” అన్నాను. “బుధవారం పొద్దున ఆరూ పదికి ఈ ఇంట్లో ఏం జరిగింది?”

“నేను అప్పుడే చెప్పినా కదప్పా. ఏమీ జరగలా.”

“గోపీ మాత్రం ముహూర్తానికి చేసినానని చెప్పినాడు.”

“వాడు చెప్పుకుంటాడు,” అన్నాడు తిరుమలయ్య, కానీ నా వైపు చూడలేదు. శకుంతలమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఉంది.

“అమ్మా, మీరు చెప్పండి,” అంది రూపశ్రీ.

“ఏం చెప్పేది తల్లీ? ఈయప్ప ముందర చెప్తే మళ్లా నవ్వుతాడు.”

ఆ ‘మళ్లా’ అన్న మాట నాకు సూటిగా తగిలింది. నవ్వింది నేనే. పన్నెండు రోజుల కిందట ఇదే వరండాలో, ఇన్‌స్పెక్టర్, చెన్నై నుంచి వచ్చిన ఇద్దరు చీరల వ్యాపారులు కూర్చుని ఉండగా, గోపీ నోట ముహూర్తం అన్న మాట వచ్చింది. నేను పగలబడి నవ్వాను. ‘ఏం పెద్దాయనా, కంప్యూటర్‌కి పాలు కూడా పొంగించినారా?’ అన్నాను. అందరూ నవ్వారు. తిరుమలయ్య కూడా నవ్వి, ‘మేమట్లాంటివి పెట్టుకోమప్పా, వాడేదో చెప్తావుండాడు’ అన్నాడు. ఆ ఒక్క మాటతో గోపీ అబద్ధాలకోరు అయిపోయాడు. నా హాస్యానికి నేను మురిసిపోయి ఆ సంగతి ఇంటికి పోయి కూడా చెప్పాను.

“అమ్మా, నవ్వింది నా తప్పు,” అన్నాను. “గోపీ జైల్లో ఉండాడు. మూడింటికి నేను ఏం చెప్తే అది జరగతాది. మీరు ఇప్పుడు చెప్పకుంటే నేను మళ్లా తప్పే చెప్తాను.”

శకుంతలమ్మ భర్తను చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమె మొదలుపెట్టింది.

“ఆదివారం అష్టమి. అట్లాంటి దినం కొత్త పెట్టెలోకి ఏదన్నా మార్చుకుంటారా? మనం ఇల్లు మారితే ఏం చేస్తాం, సామాన్లన్నీ ఒక దినం పోవు కదా. మంచి గడియ చూసి ఒక చెంబుడు పాలు, రొంత ఉప్పు, పసుపు తీసుకపోయి పెట్టి వస్తాం. మిగతావి నిదానంగా పోతాయి. ఇదీ అట్నే చెయ్యమన్నా. అయ్యోరు పంచాంగం చూసి బుధవారం ఆరూ పదికి ముహూర్తం పెట్టినాడు. గోపీని ఐదున్నరకే రమ్మన్నా.”

“గోపీ ఏం చేసినాడు?” అంది రూపశ్రీ.

“అంతా పోవాలంటే గంటన్నర పడతాదమ్మా, ముహూర్తం దాటిపోతాది అన్నాడు. ఏదో ఒక చిన్నది పంపురా, అదే పేరు పెట్టి పంపు అన్నా. వేరే పేరు పెడతానన్నాడు. నేనే ఒప్పుకోలా. పేరు మారిస్తే ముహూర్తం దేనికి పట్టినట్టు? లోపల ఏమీ లేని ఉత్త మెషీన్ ఒకటి చేసి, డిజైన్ అనే పేరు పెట్టి, కొత్త పెట్టెలోకి పంపించినాడు. నేను హారతి ఇచ్చినా. అంతే.”

ఒక్క నిమిషం. ఆరూ పది నుంచి ఆరూ పదకొండు. ఉత్త మెషీన్‌కి ఒక నిమిషం ఎక్కువే.

తిరుమలయ్య కళ్లు తెరిచాడు. “ఆ పొద్దు నలుగురిలో నువ్వట్లా అంటివి. చెన్నైవాళ్లు నవ్విరి. నేను చదువుకున్నవాణ్ణప్పా, డిప్లమా చేసినా. ఔను, హారతి ఇచ్చినాం అని నోరు రాలా. బిడ్డ మాదిరి పెరిగినోడు ఈ ఇంట్లో. నా సిగ్గు కోసం వాణ్ణి జైలుకు పంపినా.”

“నా నవ్వు కూడా పంపింది పెద్దాయనా. తప్పు మీ ఒక్కరిదే కాదు,” అన్నాను. ఆ మాట అన్నంత మాత్రాన తేలికైందేమీ లేదు.

రూపశ్రీ టైము చూసుకుంది. పదకొండూ ఐదు. “ఇది చాలదు సార్. ఇప్పుడు మాట మార్చినారని అవతలివాళ్లు అంటారు. ఉత్త మెషీన్ కళ్లతో చూడాలి. అసలు మెషీన్ ఎప్పుడు పోయిందో కూడా చూడాలి.”

*

సర్వర్ గది ఒకప్పుడు రంగులు నిలవ చేసిన కొట్టు. గోడల మీద ఇంకా నీలం మరకలు. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలలో సర్వర్. బల్ల మీద ఆ కొత్త ల్యాప్‌టాప్. మూత మీద మూడు కుంకుమ బొట్లు, పసుపు ఎండి రాలిపోయిన చారలు. ఈ గదికి నేను ఇంతకుముందు ఒకసారి వచ్చాను. ఆ బొట్లను చూశాను. పల్లెటూరి పూజలు అనుకుని కన్ను తిప్పుకున్నాను.

నేను కీబోర్డు వైపు చెయ్యి చాపాను. రూపశ్రీ అడ్డం వచ్చింది.

“మీరు ముట్టుకోవద్దు సార్.”

“ఏం, నా చేతికి అంటు ఉండాదా?”

“రిపోర్టు రాసినాయన ముట్టుకున్నాడంటే రేపు కోర్టులో దీనికి విలువ ఉండదు. ఇది కూడా మీరు నేర్పించిందే.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒకప్పుడు ఫైలు తప్పు చోట పెట్టిందని ఈమెను నలుగురిలో తిట్టిన మనిషిని నేను. ఇప్పుడు ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాను. పక్కన తిరుమలయ్య. ఆమె చేసే ప్రతి పనినీ వీడియో తీయమని తన ఫోను నాకే ఇచ్చింది.

ల్యాప్‌టాప్‌లో వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు ఫోల్డర్లు, రెండింటి పేరూ డిజైన్ అనే మొదలైంది. ఒకటి ఆదివారం తేదీది, మూడొందల ఎనభై జీబీ. రెండోది బుధవారం ఆరూ పదకొండుది. దాని సైజు మన ఫోనులో ఒక ఫొటో అంత కూడా లేదు.

“ఇది తీసేస్తానంటే మా ఇంటామె తీయనీలా,” అన్నాడు తిరుమలయ్య. “మొదట అడుగు పెట్టింది అది కదా, ఉండనీ అనింది.”

“మీరు ఈ ల్యాప్‌టాప్ చూడలేదా సార్?” అంది రూపశ్రీ నా వైపు తిరక్కుండానే.

“మా రవిచంద్ర చూసినాడు. ఏమీ లేదన్నాడు.”

రవిచంద్ర మా జ్ఞానాంబక్క కొడుకు. ఏజెన్సీలో నా భాగస్వామి. కంప్యూటర్ల పని అంతా వాడిదే. నాకు యాభై నాలుగు దాటాయి, తెర మీద చిన్న అక్షరాలు చదవడానికి బద్ధకం. వాడు చూసి సారాంశం రాస్తాడు, నేను సంతకం పెడతాను. ఏడేళ్లుగా అంతే.

“ఎట్లా చూసినాడో,” అని మాత్రం అని ఆమె సర్వర్ వైపు తిరిగింది.

సర్వర్ డైరీ తెరిచింది. బుధవారం ఉంది, గురువారం ఉంది. గురువారం సాయంత్రం నుంచి శనివారం పొద్దున దాకా ఒక్క గీత కూడా లేదు. మామూలుగా గంటకు పది పన్నెండు గీతలు పడే డైరీ అది.

“శుక్రవారానిదంతా తుడిచేసినారు,” అన్నాను.

“తుడిచేది ఎవరికి సాధ్యం?”

“పూర్తి అధికారం ఉన్న పాస్‌వర్డ్ కావల్ల.”

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఇద్దరం ఒకేసారి ఒకే సంగతి ఆలోచించామని ఆమె ముఖం చూస్తే తెలిసింది. చెప్పింది మాత్రం నేను. “డిజైన్ మెషీన్ లోపలికి పో. దాని డైరీ దానికి వేరే ఉంటాది. ఇంటి యజమాని పుస్తకం తుడిచినంత మాత్రాన అద్దెకుండేవాళ్ల పుస్తకం తుడుచుకుపోదు.”

మెషీన్‌ని ఆపకుండా కాపీ తీస్తే లోపల ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. తెలిసినవాడైతే ముందు దాన్ని మూస్తాడు, కాపీ అయ్యాక మళ్లీ తెరుస్తాడు. మూసిన టైము, తెరిచిన టైము ఆ మెషీన్ తనకు తానే రాసుకుంటుంది.

రూపశ్రీ లోపలికి పోయి వెతికింది. పదకొండూ నలభైకి దొరికింది.

శుక్రవారం, పదీ ముప్పై ఒకటికి మూశారు. పన్నెండూ ఆరుకు తెరిచారు.

“తొంభై ఐదు నిమిషాలు,” అంది రూపశ్రీ. “మూడొందల ఎనభై జీబీకి సరిగ్గా సరిపోతాది. పెద్దాయనా, పట్టపగలు గంటన్నర మీ డిజైన్ మెషీన్ ఆగిపోతే మీకు తెలీలేదా? రోజంతా దాని మీద గీసేది మీరే కదా?”

తిరుమలయ్య ఏదో తప్పు చేసినవాడిలా నన్ను చూశాడు. మళ్లీ నవ్వుతానేమోనని ఆయన భయం. నేను తల దించుకున్నాను.

“శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం కదమ్మా,” అన్నాడు మెల్లగా. “ఆ గంటన్నర నేను కొత్త గీత గీయను. ముప్పై ఏండ్లుగా అంతే. ఇంట్లోకి పోయి పండుకుంటా. ఈ గదిలోకే రాను.”

“ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?”

“కంపెనీలో అందరికీ తెలుసు.”

“గోపీ ఆ పొద్దు యాడుండాడు?”

“కార్వేటినగరంలో. ఆడ ఒక మగ్గం మీద డిజైన్ తప్పు పడతావుందంటే నేనే పంపినా. సందకాడ వచ్చినాడు. ఆ మగ్గం వాళ్లింట్లోనే అన్నం తిన్నాడు, వాళ్లు చెప్తారు.”

రూపశ్రీ రాసుకుంటూ ఉంది. గోపీ బయటపడ్డాడు. నాకు ఊపిరి ఆడింది, ఒక్క క్షణం పాటు. సంతోషంగా ఉండాల్సిన ఆ క్షణంలో కూడా, నా రిపోర్టును ఎలా సర్ది చెప్పాలా అని లెక్కలు వేసుకుంటున్నాను.

“పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుండాది?” అంది ఆమె.

“గోపీ దగ్గర. ఇంకొకటి వీళ్ల రవిచంద్ర దగ్గర.”

“మా రవి దగ్గర ఎందుకుంటాది?” అన్నాను.

“అదేందప్పా? మెషీన్లు మార్చే ముందు అంతా బందోబస్తుగా ఉందా లేదా చూడమని మీ ఏజెన్సీకే కదా చెప్పినాం. సోమవారం వచ్చి చూసినాడు. రొంత పని మిగిలిపోయిందని శుక్రవారం మళ్లా వచ్చినాడు.”

“శుక్రవారమా?”

“ఔ. పది దాటినాక వచ్చినాడు. రాహుకాలం వస్తాది, పన్నెండు కానీ నాయనా అన్నా. నాకట్లాంటి పట్టింపులు లేవు సార్, మీరు పోయి పండుకోండి అన్నాడు. మీవాడు కదా అని వదిలిపెట్టి పోయినా.”

నా చేతిలో ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

“ఈ మాట ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?” అన్నాను.

“ఎవరడిగినారప్పా? ఆ వారంలో ఈ గదిలోకి ఎవరెవరు వచ్చినారని అడిగి రాసుకున్నది మీ రవిచంద్రే. తన పేరు తనకు నేను చెప్పేదేముండాది? నీకు తెలిసే ఉంటాదనుకుంటిమి.”

కంపెనీలో పదకొండు మందిని ప్రశ్నించాం. నూలు చుట్టేవాళ్లను కూడా వదల్లేదు. పెంచలమ్మ ఇంట్లో బియ్యం డబ్బా బోర్లించి వెతికించాను. నా ఇంటి వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ బియ్యం నేల మీద పోసినప్పుడు పెంచలమ్మ చేటతో ఎత్తుకున్న తీరు కళ్ల ముందుకు వచ్చి, నాకు తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు.

*

వరండా చివరకు పోయి రవికి ఫోన్ చేశాను. పన్నెండూ పది.

“చెప్పు మామా. పుత్తూరికి బయలుదేరినావా?”

“శుక్రవారం నగరిలో నీకేం పని రా?”

అవతల లారీ హారన్ వినిపించింది. రోడ్డు మీద ఉన్నాడు.

“ఏ శుక్రవారం?” అన్నాడు.

“పదిన్నర నుంచి పన్నెండు దాకా. రాహుకాలం పట్టింపు లేదన్నావంటనే.”

వాడు బుకాయిస్తాడనుకున్నాను. ఏడుస్తాడేమోనని కూడా ఆశపడ్డాను. వాడు మామూలు గొంతుతో, మధ్యాహ్నం భోజనానికి ఏం తెమ్మంటావు అని అడిగినట్టు మాట్లాడాడు.

“మామా, నిదానంగా ఆలోచించు. ఆ కాపీ తీసింది ఏ ల్యాప్‌టాప్‌లోకో తెలుసా? నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి. బిల్లు నీ పేరుతో ఉండాది, పాస్‌వర్డ్ నీది, అది ఉండేది నీ బీరువాలో. నగరి కంపెనీతో రాసుకున్న అగ్రిమెంటులో సంతకం నీది. రిపోర్టులో సంతకం నీది. నా పేరు యాడుండాది చెప్పు?”

“నిన్ను పెంచినాను కదరా.”

“అందుకే చెప్తావుండా. కోర్టులో రిపోర్టు ఎట్లుండాదో అట్లే చెప్పు. గోపీకి ఈ పొద్దు కాకుంటే వచ్చే నెల బెయిలు వస్తాది. వాడేమీ చచ్చిపోడు. నువ్వు లోపలికి పోతే మాత్రం ఈ వయసులో బయటికి రావు. నేను తిరుపతి పోతావుండా. సాయంత్రానికి బీరువాలో ఏమీ ఉండదు, ఎవరికీ ఏమీ దొరకదు. నువ్వు నోరు తెరిస్తే మాత్రం అది ఆడే ఉంటాది.”

ఫోను పెట్టేశాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. ఫోను జేబులో పెట్టుకుని ఆ స్తంభానికి ఆనుకుని, రవి చెప్పినట్టు చేస్తే ఏమవుతుందని ఆలోచించాను. వచ్చే నెల అంటే ఎంత దూరం, నెల రోజులే కదా అనుకున్నాను. రూపశ్రీకి దొరికినవి చాలవని, ముసలాయన మాట మార్చాడని కోర్టులో ఎలా వాదించవచ్చో మనసులో వాక్యాలు కూడా తయారయ్యాయి. చక్కని వాక్యాలు. ఇరవై ఏళ్ల అనుభవం ఊరికే పోదు.

గేటు దగ్గర పెంచలమ్మ కవరులోంచి చొక్కా తీసి, మడత చెదిరిందేమోనని చూసుకుని మళ్లీ లోపల పెడుతోంది.

నేను లోపలికి పోయి రూపశ్రీ ముందు నిలబడి రవి చెప్పిందంతా చెప్పాను. ఒక్క ముక్క కూడా మిగల్చలేదు, నా ఆలోచనతో సహా. ఆమె ముఖంలో గెలుపు కనిపిస్తుందని, అది చూడాల్సి వస్తుందని భయపడ్డాను. ఆమె కుర్చీ నా వైపు జరిపింది.

“కూర్చోండి సార్. మీకు అర్థమయ్యే చెప్తావుండారా? ఆ ల్యాప్‌టాప్ దొరికితే ముందు పట్టుకునేది మిమ్మల్నే.”

“తెలుసు. వాడు తిరుపతి చేరేలోపల మనిషిని పంపల్ల. చంద్రగిరి పక్క నుంచి పోతాడో, ఎట్లా పోతాడో తెలీదు. నా ఆఫీసు తాళాలు ఇవి. బీరువా తాళం చిన్నది. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి ఇద్దరు సాక్షుల ముందర తెరిపించు. నేను అనుమతి ఇచ్చినట్టు రాసిస్తా.”

“మీరే చెయ్యొచ్చు కదా ఫోను?”

“నేను చేస్తే నన్ను నేను కాపాడుకునేదానికి మేనల్లుడి మీదికి తోస్తావుండానంటారు. నువ్వు చెయ్యి.”

ఆమె తాళాలు తీసుకుంది. నేను ఆమె నోటు పుస్తకంలోంచే కాగితం చింపి రాశాను. ‘నా రిపోర్టు తప్పు. డైరీ నేను స్వయంగా చదవలేదు. గోపీ చెప్పిన నిజాన్ని ఎగతాళి చేశాను.’ మూడు వాక్యాలు రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఈసారి సంతకం పెట్టేముందు రెండుసార్లు చదువుకున్నాను. తప్పుడు రిపోర్టు మీద మాత్రం ఎంత నిబ్బరంగా పెట్టానో!

శకుంతలమ్మ చెప్పులేసుకుని బయటికొచ్చింది. తానూ కోర్టుకు వస్తానంది. “హారతి ఇచ్చినానని నేనే చెప్తా. నవ్వేవాళ్లు నవ్వనీ,” అంది. తిరుమలయ్య ఆమె కోసం కారు డోరు తెరిచి పట్టుకున్నాడు.

పన్నెండూ నలభై. రూపశ్రీ ఫోనులో ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడుతోంది. తిరుపతిలో నా ఆఫీసు షట్టరుకి అప్పటికే కొత్త తాళం వేసి ఉందని అక్కడి పోలీసులు చూసి చెప్పారట, ఆ సంగతి నాకు చెప్పి ఆమె తల అడ్డంగా ఊపింది; నేనిచ్చిన తాళాలతో అది తెరుచుకోదు. రవి నాకంటే ముందే ఆలోచించాడు. వాడికి ఆలోచించడం నేర్పింది కూడా నేనే.

నేను గేటు దగ్గరకు నడిచాను. పెంచలమ్మ లేచి నిలబడి పక్కకు తప్పుకోబోయింది.

“నీ కొడుకు దొంగ కాదమ్మా,” అన్నాను. “తప్పంతా నాది. చదవకుండా సంతకం పెట్టినా. వాడు నిజం చెప్తే నవ్వినా. దొంగ నా ఇంట్లోనే ఉండాడు.”

ఆమె నన్ను మొదటిసారి నిండుగా చూసింది. ఏడవలేదు. చొక్కా ఉన్న కవరు చంకలో పెట్టుకుని కారు వైపు నడుస్తూ అంది:

“నాకెందుకు చెప్తావు సామీ? నాకు మొదటి దినమే తెలుసు. పోయి ఆడ చెప్పు.”